పాత కారు సెల్స్‌తో ఇంట్లోనే బ్యాటరీ ప్యాక్: చార్జింగ్ పెట్టి పడుకునే ముందు ఇవి చూసుకోండి

2025 జులైలో విజయనగరం జిల్లాకు చెందిన ఓ ఇంటర్ విద్యార్థి సొంతంగా తయారు చేసుకున్న బ్యాటరీ సైకిల్ రాష్ట్రమంతా వార్తల్లోకెక్కింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ కుర్రాణ్ని పిలిపించుకుని, సైకిల్ తొక్కి చూసి, లక్ష రూపాయల ప్రోత్సాహకం ఇచ్చారు. మూడు గంటలు చార్జ్ చేస్తే 80 కిలోమీటర్లు వెళ్తుందని అప్పట్లో వార్తలు వచ్చాయి.

అలాంటి వార్త చూస్తే ‘మనమూ ఒకటి చేసుకోవచ్చు కదా’ అనిపించడం సహజం. సైకిల్‌కు కావచ్చు, పాత స్కూటర్‌కు కావచ్చు, ఇంట్లో ఇన్వర్టర్‌కు కావచ్చు. కొత్త లిథియం బ్యాటరీ ధర చూశాక కళ్లు పడేది పాత ఎలక్ట్రిక్ కార్ల నుంచి తీసిన సెల్స్ మీదే. ఆన్‌లైన్లో సెల్స్ దొరుకుతాయి, యూట్యూబ్‌లో పాఠాలు దొరుకుతాయి, కట్టిపెట్టే మెకానిక్కూ దొరుకుతాడు.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ప్యాక్ కట్టడం ఒక్కరోజు పని. దాన్ని చార్జ్ చేయడం రోజూ ఉండే పని, అదీ ఎక్కువగా రాత్రిపూట, ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నప్పుడు. కంపెనీ బ్యాటరీకైతే మార్కెట్లోకి రాకముందే ల్యాబ్ పరీక్షలు ఉంటాయి. మీరు కట్టించుకున్న ప్యాక్‌ను పరీక్షించే అధికారి ఎవరూ లేరు. ఆ పని మీరే చేయాలి. ఎలాగో చూద్దాం.

ఈ ఆలోచన తప్పా?

తప్పు కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఇంట్లో కాస్త కరెంటు దాచుకోవాల్సిన అవసరం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస పరిసరాల్లో తీరం దాటి ఉద్దానాన్ని తుడిచిపెట్టింది. స్తంభాలు కూలాయి, ట్రాన్స్‌ఫార్మర్లు పడ్డాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్ చార్జింగ్ కోసం జనరేటర్ ఉన్న చోటు వెతుక్కున్న సంగతి ఇక్కడివారు మరిచిపోలేదు.

కారుకు పనికిరాని బ్యాటరీ ఇంటికి బాగా పనికొస్తుందన్నదీ నిజమే. సామర్థ్యం 70 నుంచి 80 శాతానికి పడిపోతే కారు ప్రయాణించే దూరం తగ్గుతుంది కాబట్టి దాన్ని మార్చేస్తారు. కానీ ఫ్యాన్లు, లైట్లు నడపడానికి ఆ మిగిలింది చాలా ఎక్కువ. 2020లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మొదటి టాటా నెక్సాన్ ఈవీలో 30.2 కిలోవాట్-అవర్ ప్యాక్ ఉండేది. కిలోవాట్-అవర్ అంటే మీ మీటర్‌లో ఒక యూనిట్. అందులో 70 శాతమే మిగిలిందనుకున్నా 21 యూనిట్లు. రోజుకు 5 యూనిట్లు వాడే ఇంటికి నాలుగు రోజులు సరిపోతుంది.

ప్రపంచంలో దీన్ని పద్ధతి ప్రకారం చేస్తున్నవారు ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో 2018 నుంచి 148 నిస్సాన్ లీఫ్ కార్లకు సరిపడా బ్యాటరీలతో, కొత్తవీ పాతవీ కలిపి, విద్యుత్ నిల్వ కేంద్రం నడుస్తోంది. మన బెంగళూరుకు చెందిన నూనమ్ అనే స్టార్టప్ 2022లో ఆడి కంపెనీ టెస్ట్ కార్ల పాత బ్యాటరీలను ఆటో రిక్షాలకు అమర్చి చూపించింది. వాళ్లకూ మనకూ తేడా సెల్స్‌లో లేదు. ప్రతి సెల్‌ను పరీక్షించి, సరిపోయేవి మాత్రమే జత చేసి, నిఘా పెట్టి చార్జ్ చేయడంలో ఉంది.

ప్రమాదం చార్జింగ్ దగ్గరే ఎందుకు?

2022 ఏప్రిల్‌లో కొద్ది రోజుల తేడాతో తెలుగు రాష్ట్రాల్లో రెండు ఇళ్లలో ఇద్దరు చనిపోయారు. నిజామాబాద్‌లో స్కూటర్ నుంచి తీసి రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన కన్నుమూశారు. ఏప్రిల్ 23న విజయవాడలో పడకగదిలో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఇంటి యజమాని మరణించారు. ఆ స్కూటర్ కొన్నది అంతకు ముందు రోజే. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైన గదుల్లో ఉన్న ఎనిమిది మంది చనిపోయారు.

అవన్నీ కంపెనీ బ్యాటరీలు. అయినా అలా జరిగింది. ఇక పాత సెల్స్‌తో ఇంట్లో కట్టిన ప్యాక్ విషయంలో ఎంత జాగ్రత్త కావాలో ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు.

సైకిళ్లు, స్కూటర్లలో ఎక్కువగా కనిపించే ‘48 వోల్టుల’ ప్యాక్‌లో 13 సెల్స్ వరుసగా, అంటే సిరీస్‌లో ఉంటాయి. ఎన్‌ఎంసీ రకం సెల్ పూర్తిగా నిండితే 4.2 వోల్టులు. 13 సెల్స్‌కు 54.6 వోల్టులు. చార్జర్ ఆ 54.6 రాగానే ఆపేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు 13లో ఒక సెల్ బలహీనమైనది అనుకోండి. మిగతా 12 సెల్స్ 20 ఏహెచ్ పట్టుకుంటే అది 15 మాత్రమే పట్టుకుంటుంది. చిన్న చెంబు ముందే నిండినట్టు, ఆ సెల్ అందరికన్నా ముందే నిండిపోతుంది. కానీ చార్జర్‌కు ఆ సంగతి తెలియదు. దానికి కనిపించేది మొత్తం వోల్టేజి మాత్రమే. మిగతా 12 సెల్స్ ఇంకా 4.15 దగ్గరే ఉంటే వాటి మొత్తం 49.8. చార్జర్ 54.6 దాకా నెడుతూనే ఉంటుంది. మిగిలిన 4.8 వోల్టులూ ఆ ఒక్క సెల్ నెత్తినే పడతాయి.

4.2 దాటకూడని సెల్ మీద 4.8 వోల్టులు పడితే లోపలి పొరలు దెబ్బతింటాయి, వేడెక్కుతుంది, గ్యాస్ తయారై ఉబ్బుతుంది. ఆ వేడి ఒక హద్దు దాటాక చార్జర్ తీసేసినా ఆగదు. సెల్ తనను తానే కాల్చుకుంటుంది, పక్క సెల్‌నూ అంటిస్తుంది. దీన్నే ఇంజినీర్లు థర్మల్ రన్‌అవే అంటారు.

కొత్త సెల్స్ ఒకే బ్యాచ్‌వి కాబట్టి కొంచెం అటూఇటుగా సమానంగా ఉంటాయి. పాత కారులోంచి వచ్చినవి అలా ఉండవు. ఇంజిన్ గదిలా వేడెక్కే మూలన ఉన్న సెల్ ఒకలా, చల్లటి చోట ఉన్నది ఇంకోలా అరుగుతుంది. రెండు మూడు కార్ల నుంచి తెచ్చి కలిపితే సంగతి చెప్పనే అక్కర్లేదు.

‘48 వోల్టుల చార్జర్’ అని అడిగితే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. దుకాణంలో ‘48 వోల్టులు’ అనే పేరు కింద ఐదు రకాల ప్యాక్‌లు ఉంటాయి. నిండినప్పుడు వాటి వోల్టేజి ఇలా ఉంటుంది:

13 ఎన్‌ఎంసీ సెల్స్: 54.6 వోల్టులు
14 ఎన్‌ఎంసీ సెల్స్: 58.8 వోల్టులు
15 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్: 54.75 వోల్టులు
16 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్: 58.4 వోల్టులు
నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు: దాదాపు 57.6 వోల్టులు

చార్జర్ల పిన్నులు చాలావరకు ఒకేలా ఉంటాయి. పొరపాటున 14 సెల్స్ చార్జర్ తెచ్చి 13 సెల్స్ ప్యాక్‌కు పెడితే ఒక్కో సెల్ మీద సగటున 4.52 వోల్టులు పడతాయి. ఈ-రిక్షాకు వాడే లెడ్ యాసిడ్ చార్జర్ పెడితే 4.43. ఇంట్లో అన్ని సెల్స్ సమానంగా ఉన్నా సరే, ఈ రెండూ ప్రమాదమే.

అందుకే మీ ప్యాక్‌లో ఏ రకం సెల్స్, ఎన్ని వరుసగా ఉన్నాయన్నది ప్యాక్ మీదే పెద్ద అక్షరాలతో రాయించండి. చార్జర్ స్టిక్కర్ మీద ‘అవుట్‌పుట్’ అని ఉన్నచోట వోల్టేజి చూడండి. కొన్నరోజే మల్టీమీటర్‌తో చార్జర్ చివర కొలిచి, పాయింట్ తర్వాతి అంకెతో సహా సరిపోతోందో లేదో తేల్చుకోండి.

కరెంటు విషయంలోనూ తొందర పనికిరాదు. పాత సెల్స్‌ను నెమ్మదిగా నింపడమే మంచిది. సామర్థ్యంలో ఐదో వంతు, అంటే 20 ఏహెచ్ ప్యాక్‌కు 4 ఆంపియర్లు చాలు. ఐదారు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఫాస్ట్ చార్జర్ల జోలికి పోవద్దు.

ఎన్‌ఎంసీనా, ఎల్‌ఎఫ్‌పీనా?

ఎన్‌ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉంటాయి. తక్కువ బరువులో ఎక్కువ శక్తి పడుతుంది. అయితే చెడితే త్వరగా, తీవ్రంగా మండుతుంది. ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. బరువెక్కువ, కానీ చాలా ఎక్కువ వేడికి గానీ అదుపు తప్పదు. దానికి నామమాత్రపు వోల్టేజి 3.2, నిండితే 3.65. దాన్నుంచీ మంట రాదనుకోవద్దు, అవకాశం తక్కువ అంతే. కదలకుండా ఇంట్లో ఉండే ఇన్వర్టర్‌కు బరువు సమస్య కాదు కాబట్టి ఎల్‌ఎఫ్‌పీయే ఎంచుకోండి. రెండు రకాలనూ ఒకే ప్యాక్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపవద్దు.

ఇంట్లో ఉన్న ఇన్వర్టర్‌కే కలిపేయొచ్చా?

మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ కోసం తయారైంది. చార్జింగ్‌లో అది 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. ఆ లెక్కన చూడండి.

మూడు ఎన్‌ఎంసీ సెల్స్ వరుస పెడితే నిండే వోల్టేజి 12.6. పేరుకు ‘12 వోల్టుల ప్యాక్’ కాబట్టి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఇన్వర్టర్ 14.4 ఇస్తే ఒక్కో సెల్ మీద 4.8 వోల్టులు. ఇది నేరుగా మంటకు దారి.

నాలుగు ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ వరుస పెడితే నిండే వోల్టేజి 14.6. ఇది దగ్గరగా సరిపోతుంది. అయితే ట్యూబులర్ బ్యాటరీల కోసం కొన్ని ఇన్వర్టర్లు అప్పుడప్పుడు 15 వోల్టులు దాటించి ‘ఈక్వలైజేషన్’ చార్జ్ చేస్తాయి. లెడ్ యాసిడ్‌కు అది మందు, లిథియంకు విషం. కాబట్టి లిథియం సెట్టింగ్ ఉన్న ఇన్వర్టర్ అయితేనే కలపండి. ఆ సెట్టింగ్ లేకపోతే ఇన్వర్టర్ మార్చండి, లేదా ఆలోచన మానుకోండి. పాత ట్యూబులర్ బ్యాటరీకి పక్కనే లిథియం ప్యాక్‌ను జతగా కలిపే పని అసలే చేయవద్దు.

బీఎంఎస్ ఉందిగా, ఇంకేం భయం?

బీఎంఎస్ అంటే ప్యాక్ లోపల ఉండే చిన్న సర్క్యూట్ బోర్డు. చార్జర్ మొత్తాన్ని చూస్తే, బీఎంఎస్ ప్రతి సెల్‌నూ విడిగా చూస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా చార్జింగ్ ఆపేస్తుంది. పైన చెప్పిన 4.8 వోల్టుల ప్రమాదాన్ని ఆపేది అదే. బీఎంఎస్ లేని ప్యాక్‌ను ఇంట్లోకి రానివ్వకండి.

కానీ దానికీ పరిమితులున్నాయి. మామూలు బీఎంఎస్ సెల్స్‌ను సమానం చేసేది 50 మిల్లీ ఆంపియర్ల లాంటి చిన్న కరెంటుతో. 100 ఏహెచ్ సెల్స్‌లో 5 ఏహెచ్ తేడా ఉంటే దాన్ని సరిచేయడానికి 100 గంటలు కావాలి. రోజూ కొద్దిసేపు చార్జ్ అయ్యే ప్యాక్‌లో అది ఎప్పటికీ పూర్తికాదు. అందుకే సెల్స్‌ను ముందే సమానం చేసి కట్టాలి. తేడాలన్నీ బీఎంఎస్ సర్దుకుంటుందిలే అని వదిలేయకూడదు.

ఇంకో అలవాటు ఇంతకన్నా ప్రమాదకరం. బీఎంఎస్ మాటిమాటికీ ఆపేస్తోందని ఫిర్యాదు చేస్తే, కొందరు మెకానిక్కులు దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తారు. బండి బాగానే నడుస్తుంది. కానీ బీఎంఎస్ ఆపేస్తోందంటే లోపల ఒక సెల్ చెడిపోయిందని అర్థం. ఫ్యూజు పోతోందని రాగి తీగ చుట్టినట్టే ఇది. అలాంటి రిపేరుకు ఒప్పుకోకండి.

బోర్డుతో పాటు సెల్స్‌కు అంటుకునేలా ఉష్ణోగ్రత సెన్సర్ ఉండాలి. ప్యాక్ పాజిటివ్ వైరు మొదట్లోనే డీసీ ఫ్యూజు ఉండాలి. ఇంటి మెయిన్‌లో వాడే మామూలు ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు, డీసీ కరెంటు వల్ల వచ్చే నిప్పు రవ్వను అది సరిగా ఆర్పలేదు.

సెల్స్ కొనేటప్పుడు ఏం అడగాలి?

మొదటిది, కారు ప్యాక్‌ను మీరు విప్పవద్దు. అందులో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. కారు ఆపేసి ఉన్నా ప్యాక్‌లోని వోల్టేజి పోదు. తగిలితే ప్రాణం పోతుంది. విప్పి, విడదీసిన సెల్స్ లేదా మాడ్యూల్సే కొనండి.

రెండోది, ఆ కారు ఎందుకు తుక్కు అయ్యిందో అడగండి. యాక్సిడెంట్‌లో నుజ్జయిందా, వరదలో మునిగిందా? ఈ రెండింట్లో ఏదైనా సరే వద్దు. జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గరా వద్దు. ఐరోపా సమాఖ్య ఈ చరిత్ర కోసమే 2027 ఫిబ్రవరి 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మీ చేతిలోకి వచ్చే పాత సెల్‌కు అలాంటి కాగితం ఉండదు కాబట్టి మీరే అడగాలి.

మూడోది, వోల్టేజి చూడండి. 2 వోల్టుల కన్నా కిందికి పడిపోయి చాలాకాలం ఉన్న సెల్ లోపల రాగి కరిగి, మళ్లీ చార్జ్ చేసినప్పుడు ముల్లులా పేరుకుని షార్ట్ చేయవచ్చు. ‘కొంచెం కరెంటు ఇస్తే లేస్తుంది’ అనే మాట నమ్మొద్దు. ఉబ్బిన, సొట్టపడిన, తీపి వాసన వచ్చే సెల్స్‌ను ముట్టుకోవద్దు.

నాలుగోది, ఓపిక. కొన్న సెల్స్ అన్నీ నింపి, రెండు నుంచి నాలుగు వారాలు పక్కన పెట్టండి. రోజు వేసి వోల్టేజి రాసుకోండి. మిగతావి నిలకడగా ఉండి ఒకటి మాత్రం దిగుతూ పోతుంటే, దాన్ని తీసేయండి. తర్వాత ఒక్కోదాని సామర్థ్యం, లోపలి నిరోధం కొలిపించండి. ఈ రెండూ దగ్గరగా ఉన్నవే ఒక ప్యాక్‌లోకి వెళ్లాలి. ఈ కొలతలు చూపించకుండా ‘అన్నీ మంచివే సార్’ అనే మెకానిక్ చేతికి పని ఇవ్వకండి.

ఎక్కడ, ఎప్పుడు చార్జ్ చేయాలి?

పడకగదిలో కాదు. మెట్ల కింద కాదు. వీధి తలుపు పక్కన కాదు, ఎందుకంటే మంట వస్తే మీరు బయటకు వెళ్లాల్సింది అటునుంచే. గ్యాస్ సిలిండర్, దేవుడి దీపం, పరుపులు, వరి గడ్డి దగ్గర అసలే కాదు. సిమెంటు నేల మీద, నీడ ఉన్న వసారాలోనో పెరట్లోనో, వాన జల్లు తగలని చోట పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ నిర్ణయం పై అంతస్తుల వారందరినీ తాకుతుందని గుర్తుంచుకోండి. సికింద్రాబాద్‌లో చనిపోయినవారికి కింద ఏముందో, అది తమకేం చేయగలదో తెలిసే అవకాశమే లేకపోయింది.

మేలుకుని ఉన్నప్పుడే చార్జ్ చేయండి. సాయంత్రం ఇంటికి రాగానే కాకుండా, ప్యాక్ చల్లారడానికి అరగంట ఆగి పెట్టండి. లిథియం సెల్స్‌ను చార్జ్ చేయడానికి కంపెనీలు సాధారణంగా పెట్టే పరిమితి 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో దాన్ని దాటడం పెద్ద విషయం కాదు. అలాంటప్పుడు తెల్లవారాక, చల్లటి పూట పెట్టుకోండి.

చార్జర్‌ను గోడకున్న ఎర్తింగ్ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వద్దు. రోజూ 80 నుంచి 90 శాతం దగ్గర ఆపితే పాత సెల్స్ ఎక్కువకాలం వస్తాయి, ప్రమాదమూ తగ్గుతుంది. నెలకోసారి సెల్స్ వోల్టేజిలు విడివిడిగా చూడండి. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ అయితే ఫోన్‌లోనే కనిపిస్తాయి. ఒక సెల్ రోజురోజుకూ మిగతావాటికి దూరమవుతుంటే ప్యాక్ వాడకం ఆపండి.

తుపానులో ప్యాక్ తడిస్తే?

తీరం వెంబడి ఉన్నవారు ఇది ప్రత్యేకంగా చదవాలి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి చోట్ల గాలిలోనే ఉప్పు ఉంటుంది. అది నికెల్ పట్టీలను, బీఎంఎస్ సన్నటి వైర్లను తినేస్తుంది. ఒక సెన్సింగ్ వైరు ఊడితే ఆ సెల్ విషయంలో బీఎంఎస్ గుడ్డిదైనట్టే.

ఇక ఉప్పునీటిలో మునిగిన ప్యాక్‌ను ఆరబెట్టి చార్జ్ చేయాలని చూడొద్దు. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుపాను ముంచెత్తాక, సముద్రపు నీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని రోజులూ వారాలూ గడిచాక అంటుకున్నాయి. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల ఉప్పు దారి చేసుకుంటుంది. తడిసిన ప్యాక్‌ను ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టండి. తుపాను హెచ్చరిక రాగానే ప్యాక్‌ను ఎత్తైన చోటికి చేర్చండి.

చట్టం ఏమంటోంది?

2022 ప్రమాదాల తర్వాత కేంద్రం ద్విచక్ర, త్రిచక్ర ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని కఠినం చేసింది. మొదటి దశ 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. సెల్స్, బీఎంఎస్, చార్జర్, ప్యాక్ డిజైన్ అన్నిటికీ అదనపు పరీక్షలు పెట్టారు. కానీ అవి వాహనం తయారు చేసి అమ్మే కంపెనీలకు. మీ పెరట్లో కట్టిన ప్యాక్ ఏ ల్యాబ్‌కూ వెళ్లదు.

రిజిస్ట్రేషన్ ఉన్న స్కూటర్‌కు కంపెనీ బ్యాటరీ తీసేసి సొంత ప్యాక్ పెడితే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది అనుమతి లేని మార్పు కిందికి రావచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూపించేది దాన్నే. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే మాట నిజమే గానీ, ఆ మినహాయింపు గుర్తింపు పొందిన టెస్టింగ్ ఏజెన్సీ ధ్రువీకరించిన వాహనాలకు.

పాత సెల్స్ వ్యాపారానికి వస్తే, 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను బాగుచేసి మళ్లీ వాడకానికి ఇచ్చేవారు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. మీకు సెల్స్ అమ్మేవారిని ఆ రిజిస్ట్రేషన్ అడగండి. అడిగే హక్కు మీకుంది.

న్యూయార్క్ నగరం ఇంకా ముందుకు వెళ్లింది. 2023లో అక్కడ లిథియం బ్యాటరీ మంటల్లో 18 మంది చనిపోయారు. వాడిన బ్యాటరీల నుంచి తీసిన సెల్స్‌తో కొత్త ప్యాక్ కట్టడాన్ని, అమ్మడాన్ని ఆ ఏడాదే నిషేధించారు. మన దగ్గర అలాంటి నిషేధం వచ్చేదాకా పరిస్థితి తెచ్చుకోకూడదంటే, నమోదైన రిఫర్బిషర్లు జిల్లా కేంద్రాల్లో అందుబాటులోకి రావాలి. సెల్స్‌ను పరీక్షించి చీటీ ఇచ్చే సదుపాయం పాలిటెక్నిక్‌లు, ఐటీఐలలో పెట్టినా మేలే. ఉత్సాహం ఉన్న పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారని 2025లోనే చూశాం. వాళ్లకు కావాల్సింది బహుమతితో పాటు ఒక టెస్టింగ్ బల్ల.

కరెంటు శాఖకు చెప్పాలా? బిల్లు ఎంత పెరుగుతుంది?

సైకిల్ ప్యాక్ చార్జింగ్‌కు ప్రత్యేక అనుమతి ఏమీ అక్కర్లేదు. 48 వోల్టుల 20 ఏహెచ్ ప్యాక్ అంటే దాదాపు ఒక యూనిట్. చార్జర్ నష్టాలు కలిపి 1.15 యూనిట్లు అనుకుంటే, రోజూ నింపినా నెలకు 35 యూనిట్లు. 2022-23 టారిఫ్ ఆర్డర్‌లో గృహ వినియోగదారులకు 126 నుంచి 225 యూనిట్ల శ్లాబు ధర యూనిట్‌కు 6 రూపాయలు. ఆ లెక్కన, ఇతర చార్జీలు కాకుండా, 210 రూపాయలు. 225 దాటితే యూనిట్ 8.75 అవుతుంది కాబట్టి మీరు ఏ శ్లాబు అంచున ఉన్నారో బిల్లులో చూసుకోండి.

పెద్ద ప్యాక్‌తో ఇంటి మొత్తానికి కరెంటు ఇవ్వాలనుకుంటే మాత్రం సంగతి వేరు. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను ఒక సాకెట్‌లోకి తిప్పి కలిపితే, ఆ కరెంటు మీ మీటర్ దాటి వెనక్కి లైనులోకి వెళ్లవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 వేల వోల్టులుగా మార్చి స్తంభం మీదికి పంపుతుంది. తుపాను మర్నాడు మీ ఊరి లైను బాగుచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోవడానికి అది చాలు. చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగ్‌కు ఏదీ కలపవద్దు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సందేహం ఉంటే ఏపీఈపీడీసీఎల్ టోల్‌ఫ్రీ నంబర్ 1912కి ఫోన్ చేయవచ్చు.

మంట వస్తే ఏం చేయాలి?

బుస్సుమనే శబ్దం, ఘాటైన వాసన, తెల్లటి పొగ కనిపిస్తే మీ దగ్గర ఉండేది క్షణాలే. మెయిన్ చేతికి అందే దూరంలో ఉంటే ఆపండి. ప్యాక్‌ను ఎత్తి బయట పడేయాలని చూడకండి. అందరినీ బయటకు పంపి, తలుపు మూసి, 101కి లేదా 112కి ఫోన్ చేసి ‘లిథియం బ్యాటరీ’ అని స్పష్టంగా చెప్పండి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి, పీల్చవద్దు. చిన్న పొడి సిలిండర్ పైమంటను తగ్గించినా లోపలి వేడిని తగ్గించలేదు. దాన్ని చల్లార్చడానికి చాలా నీళ్లు కావాలి, అది ఫైర్ సిబ్బంది పని. ఆరిన ప్యాక్ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి ఇంట్లోకి తేవద్దు.

పనికిరాని సెల్స్ ఏం చేయాలి?

చెత్త బండిలో వేయొద్దు. ఆ బండిలో నలిగితే అక్కడే మంట. 2022 నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని మిగతా చెత్తతో కలపకుండా విడిగా ఉంచి, సేకరణ కేంద్రానికో, రీసైక్లర్‌కో, రిఫర్బిషర్‌కో అప్పగించడం వినియోగదారు బాధ్యత. మీకు అమ్మినవారినే వెనక్కి తీసుకోమని అడగండి. అప్పటిదాకా సెల్ కొనలకు టేపు చుట్టి, పొడి ఇసుక ఉన్న ఇనుప డబ్బాలో, ఆరుబయట ఉంచండి.

చివరికి, చేసుకోవాలా వద్దా?

మల్టీమీటర్ పట్టడం వచ్చి, నెల రోజులు సెల్స్‌ను పరీక్షించే ఓపిక ఉండి, ఇంటి బయట చార్జ్ చేసే చోటు ఉంటే, ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌తో చిన్న ప్యాక్ చేసుకోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా కంపెనీ వారంటీతో వచ్చే ప్యాక్ కొనుక్కోవడమే చౌక. ఇప్పటికే కట్టించుకుని వాడుతున్నవారైతే ఈ రోజే ఒక పని చేయండి: చార్జర్ మీది వోల్టేజి చదవండి, ప్యాక్‌లో వరుసగా ఎన్ని సెల్స్ ఉన్నాయో మెకానిక్‌ను అడగండి, రెండూ పైన ఇచ్చిన పట్టికతో సరిచూడండి. అవి కలవకపోతే ఈ రాత్రి దాన్ని చార్జింగ్ పెట్టకండి.